వెనుక వరుస బెంచీలు

మొక్కజొన్న పిండి అడుగంటితే వచ్చే వాసన అన్నం మాడిన వాసనలా ఉండదు. మొదట పేలాలు వేయించినట్టు తియ్యగా మొదలవుతుంది. మనం కిటికీ వైపు ఒకసారి చూసి మళ్ళీ గిన్నె వైపు తిరిగేలోపల చేదెక్కిపోతుంది. ఈ ఉదయం వర్జీనియాలో, హెర్న్‌డన్‌లోని నా అపార్ట్‌మెంట్‌లో అదే జరిగింది. బయట పార్కింగ్ లాట్‌లో మంచు తోసే బండి గరగరలాడుతుంటే ఒక్క నిమిషం అటు చూశాను. అంతే, గిన్నె అడుగు మాడింది. "గరిటె ఆపావా, అయిపోయిందే. ఇంక దాన్ని బాగుచెయ్యడం ఎవరి తరమూ కాదు" అనే గొంతు చెవి పక్కనే వినిపించినట్టయింది. ఆ గొంతు పోయి మూడేళ్ళు దాటింది. మాడిన గిన్నెలో నీళ్ళు పోసి, ఆఫీస్‌కి ఆలస్యమవుతుందని తెలిసినా, స్టవ్ దగ్గర అలాగే నిలబడిపోయాను.

ఆవిడ పేరు ఎస్తేరమ్మ. మా చిన్నప్పుడు ఇక్కడి తెలుగు పిల్లలందరికీ టీచరాంటీ. బాపట్ల దగ్గర పల్లెటూరు. పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్త పోతే, పుట్టింట్లో ఒకరి దయ మీద ఉండడం ఇష్టం లేక, జాంబియాలో లెక్కల టీచర్లు కావాలన్న ప్రకటన చూసి ఒంటరిగా ఓడెక్కిన మనిషి. అక్కడ మారుమూల పల్లె బడిలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి, డెబ్బైల చివర తమ్ముడు స్పాన్సర్ చేస్తే వర్జీనియా వచ్చారు. ఆవిడ డిగ్రీ ఇక్కడ ఎవరికీ పనికిరాలేదు. ఒక ఎలిమెంటరీ స్కూల్ క్యాఫిటీరియాలో తలకు వల కట్టుకుని పిల్లలకు భోజనం వడ్డించే పని దొరికింది. మా అపార్ట్‌మెంట్ల వరుసలోనే చివరి దాంట్లో ఉండేవారు. మా అమ్మ హాస్పిటల్‌లో నర్సు. అమ్మకి సాయంత్రం షిఫ్ట్ పడిన రోజుల్లో, నాన్న ఆఫీస్ నుంచి వచ్చేదాకా నన్ను ఆవిడ దగ్గర వదిలేవారు.

అప్పటికి నేను అమెరికా వచ్చి ఎక్కువ కాలం కాలేదు. స్కూల్లో నోరు తెరవడం పూర్తిగా మానేశాను. ఇంగ్లీష్ రాక కాదు, నా ఇంగ్లీష్ విని వాళ్ళు నవ్వుతారని. క్రమంగా ఆ మౌనం ఇంట్లోకి కూడా వచ్చేసింది. అమ్మ నా గడ్డం పట్టుకుని పైకెత్తి, "నా మొహం చూసి చెప్పు" అనేది. మొహం చూస్తే ఉన్న మాట కూడా లోపలికి పోయేది. టీచరాంటీ అలా చెయ్యలేదు. మొదటి రోజే, "బడిలో నీకు ఎవరంటే భయం?" అని అడిగి, నా వైపు చూడకుండా సింక్ వైపు తిరిగి గిన్నెలు తోముకోవడం మొదలుపెట్టారు. కుళాయి నీళ్ళు, గిన్నెల చప్పుడు, ఆవిడ వీపు మీద నలిగిన నేత చీర కొంగు. చాలాసేపటికి ఆ వీపుతో చెప్పాను, బస్సులో వెనక సీట్లో కూర్చునే అమ్మాయి అంటే భయమని. ఆవిడ వెంటనే తిరగలేదు. "ఊఁ, తర్వాత?" అన్నారు, గిన్నె కడుగుతూనే.

కొన్ని వారాల తర్వాత ఎందుకలా తిరుగుతారని అడిగాను. నవ్వారు. "అక్కడ ఆడపిల్లలు పెద్దవాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడరే. అది వాళ్ళ మర్యాద. నాకేం తెలుసు? మొండి ఘటాలు అనుకున్నాను. కసిరాను, నిలబెట్టాను. ఒకరోజు బోర్డు మీద లెక్క వేస్తూ, అటు తిరిగే, దీనికి జవాబెంత అన్నాను. వెనక నుంచి పది గొంతులు." ఆవిడ చేతిలో గిన్నె బోర్లించారు. "అప్పట్నుంచీ అడగాల్సింది అడిగేసి అటు తిరుగుతాను. జవాబు ఉన్నవాళ్ళు చెప్తారు. లేనివాళ్ళకి నా మొహం చూస్తే వస్తుందా ఏంటి?"

డైరీ రాసుకోమన్నది కూడా ఆవిడే. ట్రంకు పెట్టె నిండా తెలుగు పుస్తకాలు ఉండేవి, అట్టలు ఊడిపోయి, ఆఫ్రికా చెదలు అంచులు కొరికినవి. వాటిని చదువుతూ నేను తెలుగు నిలబెట్టుకున్నాను. కానీ ఆ ఇంట్లో నాకు ఎక్కువగా గుర్తున్నది పుస్తకాలు కాదు, గిన్నె. ఆవిడ రోజూ రాత్రికి తెల్ల మొక్కజొన్న పిండితో సంకటి చేసుకునేవారు. అక్కడివాళ్ళు దాన్ని న్షిమా అంటారట. మన సంకటికి చుట్టమే. తిప్పే పని నాకు ఇచ్చి, పక్కన కూర్చుని తన బడి సంగతులు చెప్పేవారు. దూరపు పల్లెల పిల్లలు ఆదివారం సాయంత్రం నెత్తిన చిన్న పిండి మూట పెట్టుకుని నడిచొచ్చేవారట. హాస్టల్ లేదు. పగలు పాఠాలు విన్న తరగతి గదిలోనే రాత్రి నేల మీద పడుకోవడం, పొద్దున్నే ఆ గది వెనకాల మూడు రాళ్ళు పెట్టుకుని వాళ్ళ సంకటి వాళ్ళు వండుకోవడం, శుక్రవారం ఇంటికి వెళ్ళిపోవడం. మూట ఖాళీ అయిన పిల్ల బుధవారమే లేచి ఇంటికి నడక మొదలుపెట్టేదట.

"జనవరి నుంచి మార్చి దాకా అసలు రారు," అనేవారు. "అక్కడ అప్పుడు వానలు. పాత పంట అయిపోతుంది, కొత్తది ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఇంట్లో గాదె ఊడ్చేసి ఉంటే మూట కట్టి పంపేది ఏముంది? మగపిల్లలు ఏదో తిప్పలు పడి మళ్ళీ వస్తారు. ఆడపిల్ల ఒక్క వానాకాలం మానేసిందంటే ఇంక రాదు, పెళ్ళి చేసేస్తారు. ఆ మూడు నెలలు పిండి ఉంటే చాలే. ఇంకేం అక్కర్లేదు వాళ్ళకి." క్యాఫిటీరియా నుంచి వచ్చిన రోజుల్లో ఆవిడ చేతులకు పాల వాసన వచ్చేది. పిల్లలు వదిలేసిన పాల డబ్బాలు, మూత తియ్యనివైనా సరే, పారబొయ్యడం అక్కడ రూలు. దాని గురించి ఒక్కసారే మాట్లాడారు. "ఈ వేళ కూడా పారబోశాను" అని చేతులు మళ్ళీ కడుక్కున్నారు.

మా తెలుగు ఫెలోషిప్ ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో నెలకొకసారి కూడేది. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు, నర్సులు. ప్రార్థన, పాటలు, తర్వాత తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్. కొత్త సంవత్సరంలో ఏదైనా సత్కార్యం చేద్దామని పెద్దలు అనుకుంటున్నారని తెలిసి, టీచరాంటీ ఒక శనివారం పెద్ద గిన్నెడు సంకటి, ఉడకబెట్టిన ఆకుకూర చేసి తెచ్చారు. ఆ పిల్లలు ఏం తింటారో వీళ్ళు ఒకసారి నోట్లో పెట్టుకుంటే చాలు, మిగతాది తను చెప్పనక్కర్లేదని ఆవిడ నమ్మకం. చికెన్ ఫ్రై, పులిహోర, బిరియానీ పక్కన ఆ గిన్నె పెట్టారు. "డైటింగ్ ఐటమ్ ఎవరు తెచ్చారండీ?" అని ఒక అంకుల్ అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వి, లేచి నిలబడి, వానాకాలం మూడు నెలలకు పిండి కావాలని అడిగారు.

ఫెలోషిప్‌కి పెద్ద, డాక్టర్ ప్రభాకరం అంకుల్. చెడ్డవాడు కాదు. అర్ధరాత్రి ఎవరి పిల్లకి జ్వరం వచ్చినా బూట్లు వేసుకుని వచ్చేసే మనిషి. ఆయన శ్రద్ధగా విని, "మంచి మాట ఎస్తేరమ్మగారూ. కానీ పిండి అంటే ఏముందండీ, పొద్దున పెడితే సాయంత్రానికి అరిగిపోతుంది. పర్మనెంట్‌గా ఏదైనా చేద్దాం. బెంచీలు ఉన్నాయా స్కూల్లో?" అన్నారు.

"లేవండీ. కింద కూర్చుంటారు."

"చూశారా మరి. బెంచీలు చేయిద్దాం. ఒక్కో ఫ్యామిలీ ఒక్కో బెంచీ. పేరు వేయిద్దాం."

గదిలో అంతవరకూ లేని ఉత్సాహం వచ్చింది. మా వాళ్ళకి ఇది కొత్త కాదు. మా తాతగారి ఊరి చర్చిలో గడియారం మీద, బల్ల మీద, మైకు మీద, చివరికి ఫ్యాను రెక్కల మీద కూడా ఫలానావారి జ్ఞాపకార్థం అని రాసి ఉండేది. ఫ్యాను వేస్తే పేరు కనపడదని దాత వచ్చిన ఆదివారం ఎండాకాలంలో కూడా ఆపేసేవారని అమ్మ నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వే అమ్మ ఆ రోజు అందరికంటే ముందు చెయ్యెత్తింది. ఇండియాలో తాతయ్య పోతే అమ్మ వెళ్ళలేకపోయింది, గ్రీన్ కార్డ్ పేపర్లు మధ్యలో ఉండి. "మా నాన్న పేరు మీద ఒకటి రాసుకోండి డాక్టర్‌గారూ" అంటుంటే ఆమె గొంతు వణికింది. టీచరాంటీ అది చూశారు. "సరేనండీ, ఈ ఏడాది బెంచీలు. వచ్చే ఏడాది మాత్రం పిండి" అన్నారు. అంకుల్ "తప్పకుండా" అన్నారు. ఇంటికి వెళ్ళేటప్పుడు సంకటి గిన్నె నేనే మోశాను. బరువు తగ్గలేదు.

షాపింగ్ సెంటర్‌లో ట్రోఫీలు అమ్మే షాపులో ఇత్తడి పలకలు చెక్కించారు. బెంచీలు అక్కడి పట్నంలో వడ్రంగుల చేత చేయించారు. ఏడాది తిరిగాక, డాక్టర్ అంకుల్‌కి ఆఫ్రికాలో ఏదో వైద్య సదస్సు పడితే, పలకలు సూట్‌కేస్‌లో పెట్టుకుని ఆ బడిదాకా స్వయంగా వెళ్ళి బిగించి వచ్చారు. జనవరిలో వెళ్ళి, ఫిబ్రవరి కూడికలో స్లైడ్స్ చూపించారు. ఆ సాయంత్రం బేస్‌మెంట్ నిండిపోయింది. లైట్లు ఆపారు. ప్రొజెక్టర్ వేడికి దుమ్ము కాలిన వాసన. టక్ మని ఒక్కో బొమ్మ తెర మీద పడుతోంది. ఎర్ర మట్టి, రేకుల కప్పు, ఎండలో కళ్ళు చిట్లించిన హెడ్‌మాస్టర్. టీచరాంటీ నా పక్కన కూర్చుని పిల్లలా ముందుకు వంగి చూస్తున్నారు. "ఆ గోడ నేనుండగానే పగిలింది, ఇంకా అలాగే ఉందే" అని గుసగుసలాడారు. ఆ తర్వాత బెంచీలు వచ్చాయి. గది నిండా కొత్త చెక్క, ప్రతి దాని మీద మెరిసే పలక.

"అదిగో మాది, మాది."

"డాక్టర్‌గారూ, ఒకటి వెనక్కి తిప్పండి. నాన్నగారి ఇంటిపేరు సరిగ్గా కనపళ్ళేదు."

"పలక కొంచెం వంకరగా కొట్టినట్టున్నారే?"

"అబ్బే, యాంగిల్ అండీ అది, కెమెరా యాంగిల్."

స్లైడ్ వెనక్కి వెళ్తోంది, ముందుకి వస్తోంది. బెంచీల మీద పిల్లలు అక్కడక్కడ ఉన్నారు, దాదాపు అందరూ మగపిల్లలే. టీచరాంటీ లేచి నిలబడ్డారు. ఆవిడ నీడ తెర మీద పడింది. ఎవరో "కూర్చోండాంటీ, కనపడట్లేదు" అన్నారు. ఆవిడ కూర్చోలేదు. "బెంచీల కాళ్ళు నేలలోకి దిగేసినట్టున్నాయే?" అని అడిగారు.

"సిమెంట్ చేయించానండీ," అన్నారు అంకుల్ సంతోషంగా. "ఇత్తడి కదా, ఎవరైనా ఎత్తుకుపోతారని హెడ్‌మాస్టర్‌గారు భయపడ్డారు. ఇప్పుడు ఏనుగు వచ్చినా కదలదు. సాయంత్రం అవగానే గదికి తాళం కూడా వేస్తున్నారు. చాలా జాగ్రత్తగా చూసుకుంటున్నారు."

సాయంత్రం బెంచీలు గోడకి జరిపేసి పిల్లలు పడుకుంటారు అనుకుని ఒప్పుకున్న మనిషి ఆవిడ. మామూలు గొంతుతోనే, "మరి దూరం నుంచి వచ్చే పిల్లలు రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు?" అని అడిగారు. అడిగి, గదికి వీపు చేసి, వెనక గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

ఆ వీపు సంగతి తెలిసినదాన్ని ఆ గదిలో నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు ఆవిడ అలిగారనుకున్నారు. ప్రొజెక్టర్ ఫ్యాను తిరుగుతోంది. కూర్చునే ఉండి, ఆ వీపు వైపు చూస్తూ, "పడుకోవడానికి చోటు లేదాంటీ. అందుకే ఆడపిల్లలు రాలేదు" అన్నాను. నలుగురిలో నేను నోరు తెరవడం అదే మొదటిసారి. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చిన్నపిల్ల, దానికేం తెలుసండీ" అని ఎవరో సర్దారు. "వానాకాలం కదమ్మా, సగం మంది రారట" అన్నారు అంకుల్. టక్ మంది. తర్వాతి స్లైడ్ ఏదో జలపాతం. అందరూ ఆహా అన్నారు.

హెడ్‌మాస్టర్‌కి టీచరాంటీ రాశారు, వెనక వరుస తీసేస్తే పిల్లలు పడుకునే చోటు వస్తుంది కదా అని. దాతల అనుమతి లేకుండా ముట్టుకోలేనని ఆయన చాలా మర్యాదగా జవాబిచ్చారు. వెనక వరుసలో మొదటి బెంచీ మా తాతయ్యది. అందుకని ఆవిడ ముందు మా ఇంటికే వచ్చారు. అమ్మ యూనిఫామ్‌లోనే టీ పెట్టి ఇచ్చింది. ఆవిడ కప్పు ముట్టుకోలేదు.

"నువ్వు ఒక్కదానివి సరేనంటే, మిగతావాళ్ళని నేను అడుక్కుంటానమ్మా. పలక పారెయ్యమనట్లేదు. గోడకి కొట్టిస్తాను. మీ నాన్నగారి పేరు అక్కడే ఉంటుంది."

"గోడ పగిలిపోయిందన్నారు కదక్కా మీరే."

"బాగుచేయిస్తాను."

అమ్మ చాలాసేపు కప్పు అంచు తుడిచింది. "మా నాన్న మీద పిడికెడు మట్టి కూడా నేను వెయ్యలేదక్కా. ఈ ప్రపంచంలో నేను ఆయన పేరు మీద చేసింది ఆ ఒక్కటే. అది పీకమంటున్నారు మీరు. అంతమంది ఉండగా మా నాన్నదే దొరికిందా?" టీచరాంటీ నా వైపు చూశారు, ఏదో అడగబోయి మానుకున్నారు. లేచి, చెప్పులు వేసుకుని, "టీ చల్లారిపోయింది, పారబొయ్యకు, వేడి చేసుకుని తాగు" అని వెళ్ళిపోయారు. అమ్మ నిజంగానే ఏడ్చింది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. అందుకే ఆ సంగతి నాకు ఇన్నేళ్ళయినా జీర్ణం కాలేదు. అమ్మని పూర్తిగా తప్పుపట్టగలిగితే ఎంత సుఖంగా ఉండేదో.

వచ్చే ఏడాది పిండి అన్న మాట ఎవరికీ గుర్తులేదు. కొత్త కుటుంబాలు చేరాయి, వాళ్ళకీ పెద్దవాళ్ళు పోయి ఉన్నారు, ఇంకో గదికి బెంచీలు వెళ్ళాయి. టీచరాంటీ తన జీతంలోంచి ఏదో పంపుతూనే ఉన్నారు. అది ఒక్క వానాకాలానికీ పూర్తిగా చాలేది కాదు. ఫెలోషిప్‌కి రావడం మానలేదు. పాటలు పాడేవారు, గిన్నెలు కడిగేవారు. కానీ ఎవర్నీ ఏమీ అడగలేదు. నేను కాలేజీలో ఉండగా ఒక చలికాలం, న్యుమోనియా అని చెప్పిన కొద్ది రోజులకే పోయారు. డాక్టర్ అంకుల్ రాత్రింబగళ్ళు హాస్పిటల్‌లోనే ఉన్నారు. అది కూడా రాయాలి.

జ్ఞాపకార్థ కూడికలో అంకుల్ కన్నీళ్ళతో మాట్లాడి, ఎస్తేరమ్మగారు అంత ప్రేమించిన బడికి ఆవిడ పేరు మీద ఒక ప్రత్యేకమైన బెంచీ పంపుతున్నామని ప్రకటించారు. టేకు చెక్క, పెద్ద పలక. హాలంతా చప్పట్లు. తర్వాత ఆవిడ దగ్గర పెరిగిన పిల్ల కనుక నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. రాసుకున్న కాగితం చేతిలో ఉంది. మైకు ముందుకు వెళ్ళాక అది మడిచేశాను.

"ఆ బెంచీ వేస్తే ఇంకో ఇద్దరు ఆడపిల్లలు పడుకునే చోటు పోతుంది. వాళ్ళు ఎక్కడ పడుకోవాలి?" అన్నాను. అని, ఆవిడలాగే, హాలుకి వీపు చేసి గోడ వైపు తిరిగాను.

గోడకి లేత పచ్చ రంగు వేసి ఉంది. ఒక మేకు, దానికి వేలాడే పాత క్యాలెండర్. వెనక ఎవరో దగ్గారు. ఒక చిన్నపిల్ల, "మమ్మీ, వై ఈజ్ షి లైక్ దట్?" అంది. తర్వాత కుర్చీలు జరిగాయి, ఫాయిల్ ట్రేల మూతలు తీస్తున్న చప్పుడు, బిరియానీ వాసన. అమ్మ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. టేకు బెంచీ ఆ వేసవిలో వెళ్ళింది.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది. జనవరికి ముందే హెడ్‌మాస్టర్‌కి పిండి కోసం డబ్బు పంపిస్తాను, పేరు రాయకుండా. దానివల్ల వెనక వరుస కదలదని తెలుసు. బడి పక్కన ఎవరింటి వసారాలోనో కొందరు పడుకుంటున్నారని విన్నాను. ఎంతమందో తెలియదు. బయట మంచు పడే రోజుల్లో, ఇక్కడివాళ్ళు చలి గురించి మాట్లాడుకుంటుంటే, నేనెప్పుడూ చూడని ఒక ఊళ్ళో ఇప్పుడు వాన పడుతోందని, సాయంత్రం కాగానే ఒక గదికి తాళం పడుతుందని నాకు గుర్తొస్తుంది. ఆవిడ నాకు వదిలివెళ్ళింది ఇదే.

గిన్నె తోమడానికి సింక్ వైపు తిరిగాను. మాడిన పొర ఊడిరాలేదు. నీళ్ళు పారుతున్నాయి. వెనక గదిలో ఎవరూ లేరని తెలుసు. అయినా కుళాయి కట్టేసి, వెనక్కి తిరగకుండా, కాసేపు అలాగే నిలబడ్డాను.